ఇప్పపువ్వు వైనా, సారానా? ప్రాణహిత ఒడ్డున చిక్కుపడ్డ ఒక మద్యం చరిత్ర

మన దేశంలో వైన్ అనగానే మహారాష్ట్రే గుర్తొస్తుంది. నాసిక్ చుట్టుపక్కల ద్రాక్షతోటలు, వాటిని చూడ్డానికి ముంబై నుంచి వచ్చే టూరిస్టులు, రుచి చూపించే హాళ్లు. 2001 నుంచి ఆ పరిశ్రమకు రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక విధానం పెట్టి రాయితీలిస్తోంది. అదే రాష్ట్రం తూర్పు కొసన గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం అమల్లో ఉంది. జిల్లాకు దక్షిణపు చివర, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట సిరొంచ. ఆఫీసు కాగితం మరాఠీలో ఉన్నా బజారులో బేరం తెలుగులో సాగే ఊరు. ఎదురుగా, నదికి అవతల, తెలంగాణలోని కాళేశ్వరం.

ఏటా మార్చిలో ఇప్పపువ్వు రాలడం మొదలవగానే సిరొంచ, అంకీస, ఆసరెల్లి వైపు ఒక చర్చ కూడా మొదలవుతుంది. నాసిక్ రైతు ద్రాక్షను పులియబెడితే అది వ్యవసాయాధారిత పరిశ్రమ. ఇక్కడి అడవిబిడ్డ ఇప్పపువ్వును పులియబెడితే పోలీసు కేసు. ఇదెక్కడి న్యాయం అని కొందరంటారు. న్యాయం సంగతి తర్వాత, తాగుడుతో ఇళ్లు గుల్లయిపోయాయి, ఇంకా ద్వారాలు తెరవమంటారా అని మరికొందరంటారు. ఈ మధ్య దీనికి హెరిటేజ్ లిక్కర్, అంటే వారసత్వ మద్యం, అనే మాట కూడా తోడైంది. మాటలన్నీ కలగలిసిపోయి ఎవరు దేన్ని సమర్థిస్తున్నారో తెలియకుండా పోయింది. నా లెక్కలో అసలు చిక్కు ఒక్కటే: కాచుకునే హక్కు వేరు, అమ్ముకునే హక్కు వేరు. నూటయాభై ఏళ్ల చట్టాలు ఈ రెంటినీ ఒకే మూటలో కట్టేశాయి.

కల్లు, ఊట, సారా: ముందు వీటి తేడా

తీపి ఉన్న ఏ రసాన్నయినా ఈస్ట్ అనే సూక్ష్మజీవి తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. దీన్నే పులియడం అంటాం. ద్రాక్షరసం పులిస్తే వైన్. తాటి, ఈత, జీలుగు చెట్ల నీరా పులిస్తే కల్లు. బియ్యం పులియబెట్టే చోట్ల దాని పేరు వేరు. పులిసిన పానీయంలో ఆల్కహాల్ ఒక మోతాదు దాటి పెరగదు. అది పెరిగేకొద్దీ ఈస్ట్ తాను పుట్టించిన ఆల్కహాల్‌లోనే చచ్చిపోతుంది. రసంలో తీపి అయిపోతే అంతకుముందే పులియడం ఆగుతుంది. కల్లు నాలుగైదు శాతం దగ్గర, వైన్ పన్నెండు, పదమూడు శాతం దగ్గర ఆగిపోతాయి.

అంతకంటే ఘాటు కావాలంటే కాచాలి. ఆల్కహాల్ 78 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది, నీళ్లకు 100 కావాలి. పులిసిన ఊటను, అంటే నానబెట్టి పులియబెట్టిన ద్రవాన్ని, వేడి చేసి, ముందుగా లేచే ఆవిరిని చల్లబరిస్తే కారేదే సారా. ద్రాక్ష వైన్‌ను కాస్తే బ్రాందీ, బార్లీ ఊటను కాస్తే విస్కీ, ఇప్పపువ్వు ఊటను కాస్తే ఇప్పసారా. శాస్త్రం ప్రకారం ఇప్పసారాకు తోబుట్టువు బ్రాందీయే తప్ప వైన్ కాదు. కానీ కాయకముందు కుండలో ఉన్న ఊట మాత్రం వైన్ జాతిదే. ఇప్పపువ్వు వైన్ అవుతుందా అంటే, అవుతుంది. ఆహార ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన మద్యం నిబంధనల్లో ద్రాక్ష వైన్‌తో పాటు ఇతర పండ్ల నుంచి, ఇతర మొక్కల నుంచి తీసే వైన్లకు కూడా చోటుంది. కాకపోతే ఈ అడవుల్లో ఇప్పపువ్వును ఆ రూపంలో తాగే అలవాటు పెద్దగా లేదు. కుండ మీద కుండ పెట్టి కాచి తాగడమే ఇక్కడి పద్ధతి.

పోలీసు దాడుల వార్తల్లో కనిపించే గుడుంబా మళ్లీ వేరు. బెల్లం ఊటలో నవసాగరం, పటిక లాంటివి కలిపి త్వరత్వరగా కాచి అమ్మే సరుకది. పువ్వు దొరకని కాలంలో, దొరకని చోట్ల పుట్టిన అమ్మకపు వ్యాపారం. ఇప్పసారాను, గుడుంబాను నాటుసారా అనే ఒక్క పేరుతో పిలవడం వల్ల సగం గందరగోళం వచ్చింది. పూర్తిగా పువ్వుతో కాచిందని చెప్పి బెల్లం కలిపి అమ్మేవాళ్లు ఉండటం మిగతా సగం.

పది కిలోల పువ్వు లెక్క

ఇప్పపువ్వు రాత్రిపూట విచ్చుకుని తెల్లవారుజామున రాలుతుంది. మనం ఏరుకునేది నిజానికి రేకుల గొట్టం. కండగా, లేత పసుపు రంగులో, రసంతో ఉంటుంది. ఎండబెడితే ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. ఎండు పువ్వు బరువులో సగం, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ, చక్కెరలే ఉంటాయి. చెరకు రసంలో కూడా అంత తీపి ఉండదు. ద్రాక్ష పండని ఈ వేడి అడవిలో మద్యం తయారీకి ఇంతకంటే అనువైన సరుకు లేదు.

పది కిలోల ఎండు పువ్వు తీసుకుందాం. అందులో చక్కెర ఐదు కిలోలు అనుకుంటే, రసాయన శాస్త్రం ప్రకారం దాని బరువులో దాదాపు 51 శాతం ఆల్కహాల్ అవుతుంది. అంటే సుమారు రెండున్నర కిలోలు. ఆల్కహాల్ నీళ్లకంటే తేలిక కాబట్టి కొలిస్తే మూడు లీటర్ల పైచిలుకు వస్తుంది. మొత్తం ఊట ముప్పై లీటర్లు ఉంటే దాని ఘాటు పది శాతం దగ్గర. ఇది వైన్ ఘాటు. అదే ఊటను కాచి 35 శాతం సారా తీస్తే, కాగితం మీద తొమ్మిది లీటర్లు రావాలి. కుండ, కట్టెల మంట, వెదురు గొట్టంతో చేసే పనిలో చాలా భాగం వృథా అవుతుంది కాబట్టి అంత రాదు.

వైన్ తేలిక, సారా ప్రమాదం అన్న మాటను కూడా ఇదే లెక్కతో చూడొచ్చు. పన్నెండు శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో 18 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. 35 శాతం సారా 50 మిల్లీలీటర్లలో పదిహేడున్నర. కాలేయానికి ఈ రెండూ ఒకటే. తేడా తాగే తీరులో ఉంటుంది: ఘాటు ఎక్కువైన కొద్దీ అదే పరిమాణంలో ఎక్కువ ఆల్కహాల్ లోపలికి పోతుంది. మద్యంలో సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అందులో వైన్‌కు మినహాయింపు లేదు.

ద్రాక్ష మద్యం విదేశీ సరుకుగా ఉన్న రోజులు

వైన్ మన దేశానికి తెల్లవాళ్లతో వచ్చిందనుకుంటాం. కానీ అర్థశాస్త్రంలో మద్యం మీద అజమాయిషీ చేసే సురాధ్యక్షుడి గురించి ఒక అధ్యాయమే ఉంది. ద్రాక్షరసంతో చేసిన మద్యాన్ని అక్కడ మధు అన్నారు. దాని రకాలు కాపిశాయనం, హారహూరకం. కాపిశాయనమంటే కాపిశ నుంచి వచ్చింది, అంటే నేటి అఫ్గానిస్తాన్ ప్రాంతం. ఊరి పేరుతో వైన్‌ను గుర్తించే పద్ధతి అప్పటికే ఉందన్నమాట. ద్రాక్ష మద్యం దూరప్రాంతపు సరుకు, డబ్బున్నవాళ్ల సరుకు. మధ్యభారత అడవుల్లో జనం తాగింది చెట్టు ఇచ్చిందే.

అదే అధ్యాయంలో మన చర్చకు పనికొచ్చే మాట మరొకటి ఉంది. మద్యం తయారీ, అమ్మకం రాజ్యం చేతిలో ఉండాలని గట్టిగా చెబుతూనే, శుభకార్యాల్లో గృహస్థులు తెల్ల సుర కాచుకోవచ్చని, ఉత్సవాలు, జాతరల్లో నాలుగు రోజులు అనుమతి ఇవ్వాలని రాశారు. పన్ను విషయంలో కౌటిల్యుడు ఎంత పిసినారో తెలిసిందే. ఆయన కూడా ఇంటి అవసరాన్ని, అంగడి వ్యాపారాన్ని విడదీసి చూశాడు.

గోండులు, మాడియాలు, కోయల జీవితంలో ఇప్పసారా చోటు సరిగ్గా ఆ గృహస్థుడి వైపే ఉండేది. పుట్టుక, పెళ్లి, చావు, పెన్ దేవతల కొలుపు, దేనికైనా ముందు నేల మీద నాలుగు చుక్కలు వదిలి తర్వాత పంచుకుంటారు. చెట్టు కూడా ఒక్క సారా కోసమే కాదు. పువ్వు ఉడకబెట్టి తింటారు, దంచి రొట్టె చేస్తారు, కరువులో అదే తిండి. కాయ గింజ నుంచి నూనె తీస్తారు. అవతలి ఒడ్డున ఉట్నూరు వైపు ఇప్పుడు మహిళా సంఘాలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నాయి.

అబ్కారీ వచ్చాక పువ్వే నేరమైంది

బ్రిటిష్ ప్రభుత్వానికి భూమిశిస్తు తర్వాత నమ్మకమైన ఆదాయాల్లో మద్యం పన్ను ఒకటి. మొదట్లో వాడిన పద్ధతి ఔట్‌స్టిల్. ఒక ప్రాంతంలో బట్టీ పెట్టి కాచి అమ్మే హక్కును వేలం వేసేవాళ్లు. పాడుకున్నవాడు ఎంత కాచినా, ఎంత ఘాటుగా కాచినా అడిగేవాళ్లు లేరు. పెట్టిన డబ్బు రాబట్టుకోవాలంటే ఎక్కువ అమ్మాలి, ఎక్కువ అమ్మాలంటే ఇళ్లలో కాచడం ఆగాలి. అప్పటిదాకా అవసరానికి కాచుకున్నవాడు గుత్తేదారు దుకాణానికి గిరాకీ అయ్యాడు. రెండోది కేంద్ర డిస్టిలరీ పద్ధతి. సర్కారు కనుసన్నల్లో ఒకచోట కాచి, ఘాటును బట్టి గ్యాలన్‌కు ఇంత అని సుంకం వేసి పంపిణీ చేయడం. 1905-06 నాటి ఇండియన్ ఎక్సైజ్ కమిటీ ఈ రెండో పద్ధతి వైపు మొగ్గింది.

రెండు పద్ధతుల్లోనూ నష్టపోయింది ఇంటి కుండే. బొంబాయి ప్రెసిడెన్సీ 1878లో అబ్కారీ చట్టం తెచ్చింది. అయినా అడవి నిండా చెట్లున్న చోట దొంగచాటుగా సారా కాయడాన్ని ఆపలేక, 1892లో ఏకంగా మొహ్వా (ఇప్ప) చట్టం చేసింది. ఠాణా, కొలాబా వైపు పువ్వును నిల్వ చేసుకోవడం మీదే ఆంక్షలు పెట్టింది. తిండిగింజ లాంటి పువ్వును సారా ముడిసరుకుగా మాత్రమే చూడటం అక్కడ మొదలైంది. ఆ చూపు ఎంత కాలం నిలిచిందంటే, స్వతంత్రం వచ్చాక 1949లో చేసిన బొంబాయి మద్యనిషేధ చట్టంలో కూడా మొహ్వా పువ్వు అదుపు గురించి నిబంధనలు చేరాయి. పువ్వు సేకరణ, నిల్వ, రవాణా మీద ఆంక్షలను మహారాష్ట్ర 2021లో సడలించింది.

ఇదే కాలంలో జరిగిన ఒక విచిత్రం చెప్పుకోవాలి. ఫైలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటలను తినేసినప్పుడు, అక్కడ మద్యం తీయడానికి మన ఎండు ఇప్పపువ్వు ఓడలెక్కి వెళ్లింది. ఇక్కడ పేదవాడి ఇంట్లో ఉంటే అనుమానించే పువ్వు, ద్రాక్షకు పుట్టిల్లనుకునే దేశానికి ఎగుమతి సరుకు.

సిరొంచ ఎన్ని చట్టాల కిందికి మారింది

ఈ మూల చరిత్ర తెలియకపోతే నేటి గొడవ అర్థం కాదు. గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను 1860లో నిజాం బ్రిటిష్‌వారికి వదులుకున్నాడు. సిరొంచ కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది. 1874లో అది రద్దయింది. భద్రాచలం వైపు భాగం మద్రాసు ప్రెసిడెన్సీకి పోయింది, సిరొంచ సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని చాందా జిల్లాలో కలిసింది. ఆ ప్రావిన్సుకు 1915లో సొంత ఎక్సైజ్ చట్టం వచ్చింది. 1956లో రాష్ట్రాల పునర్విభజనలో చాందా బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు చేరింది. 1982లో చంద్రపూర్ నుంచి గడ్చిరోలి విడి జిల్లా అయింది.

అంటే సముద్రతీరపు బొంబాయి పాలకులు తమ అనుభవంతో, గాంధేయ పట్టుదలతో రాసుకున్న నిషేధ చట్టం, నాలుగు వందల మైళ్లకు పైగా దూరంలో ఉన్న ప్రాణహిత ఒడ్డుకు పునర్విభజన పుణ్యమా అని వచ్చింది. ఇక్కడి చెట్టు, ఇక్కడి కొలుపు చూసి రాసింది కాదది. 1915 నాటి సెంట్రల్ ప్రావిన్సెస్ చట్టమేమో మధ్యప్రదేశ్‌లో, ఛత్తీస్‌గఢ్‌లో సవరణలతో నేటికీ నడుస్తోంది.

ఒకే గంప, మూడు ఒడ్లు

సిరొంచ తాలూకాలో సోమనూరు దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఒక ఆదివాసీ కుటుంబం ఒక గంప ఇప్పపువ్వు ఏరి, ఇంట్లో పెళ్లికి సారా కాచిందనుకుందాం.

ఇల్లు ఇంద్రావతికి అవతల, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉంటే, ఆదివాసీలు సొంత అవసరానికి పరిమితి మేరకు కాచుకునే వెసులుబాటు ఆ రాష్ట్రంలో ఉంది. అమ్మితే మాత్రం నేరం. ఇల్లు మహారాష్ట్ర వైపుంటే, లైసెన్సు లేకుండా కాచడమే మద్యనిషేధ చట్టం కింద నేరం. గోదావరి దాటి తెలంగాణలో ఉంటే అది నాటుసారా, 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద కేసు. అదే తెలంగాణలో గీత కార్మికుడు సహకార సంఘంలో సభ్యుడై, లైసెన్సు మీద కల్లు గీసి అమ్ముకోవచ్చు. గీసే హక్కు, అమ్మే హక్కు రెండూ వృత్తిదారుడి చేతిలోనే ఉన్న ఉదాహరణ నదికి అవతలే ఉంది. కల్లుకు దొరికినది ఇప్పకు ఎందుకు దొరకలేదంటే, ఒకటి పులిసింది, ఇంకోటి కాచింది అని జవాబిస్తారు. ఆ జవాబులో కొంత నిజముంది. గీత వృత్తిలో ఉన్న సంఖ్యాబలం, సంఘబలం ఆదివాసీలకు లేకపోవడం కూడా నిజమే.

ఒడిశా కథ ఇంకో రకం. మనవాళ్లున్న రాయగడ, కొరాపుట్ వైపు అడవుల్లో జీలుగు కల్లు, మహులసారా (ఇప్పసారాకు అక్కడి పేరు) రెండూ పాతవే. బ్రిటిష్ కాలపు ఔట్‌స్టిల్ దుకాణాలు ఆ రాష్ట్రంలో లైసెన్సుతో ఇటీవలి ఏళ్ల దాకా నడిచాయి. మహులసారా అక్కడ చట్టబద్ధంగా దొరికింది కానీ, ఆ చట్టబద్ధత లైసెన్సుదారుడికే తప్ప చెట్టు కింద పువ్వు ఏరిన మనిషికి కాదు.

1993లో నిషేధించింది దేన్ని?

గడ్చిరోలిలో ఇప్పసారాను 1993లో నిషేధించారని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఇంట్లో కాచడం అంతకుముందు కూడా రాష్ట్రమంతటా చట్టవిరుద్ధమే. 1993లో మూతబడింది లైసెన్సున్న దుకాణాలు, బార్లు. ప్రభుత్వమే అనుమతిచ్చి ఆదాయం పొందుతున్న అమ్మకం ఆగింది.

దాని వెనుక పెద్ద ప్రజా ఉద్యమం ఉంది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ నడిపే సర్చ్ సంస్థ, గ్రామాల మహిళలు, ఆదివాసీ సంఘాలు 1980ల చివర్లో మొదలుపెట్టిన పోరాటం అది. దాదాపు అదే సమయంలో మన నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేశారు, గడ్చిరోలిలో మాత్రం నిలిచింది. పక్కనున్న చంద్రపూర్‌లో 2015 ఏప్రిల్‌లో పెట్టిన నిషేధాన్ని ప్రభుత్వం 2021లో ఎత్తేసింది.

ఎత్తేయాలన్నవాళ్ల వాదన ప్రకారం, నిషేధంతో దొంగ మద్యం పెరిగింది, కల్తీ పెరిగింది, ఆదాయం పోయింది. సిరొంచ విషయంలో ఇంకో మాట కూడా అంటారు: వంతెన దాటితే తెలంగాణ వైన్‌షాపులు, అలాంటప్పుడు నిషేధానికి అర్థమేమిటని. ఉంచాలన్నవాళ్లు, దొంగతనాలు జరుగుతున్నాయని దొంగతనం మీద చట్టం ఎత్తేస్తామా అని అడుగుతారు. ఊరి నడుమ దుకాణం ఉండటానికి, నది దాటి వెళ్లి తెచ్చుకోవడానికి తేడా ఉందని, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లకు ఆ తేడా బాగా తెలుసని చెబుతారు. రెండో వాదన నాకు ఎక్కువ బరువుగా అనిపిస్తుంది. అయితే దుకాణం మూయించడానికి పనికొచ్చిన ఈ తర్కం, పెన్ పండుగకు కాచిన రెండు సీసాల మీద కేసు పెట్టడానికి సరిపోదు.

కల్తీ సంగతి కూడా విడిగా చూడాలి. సారా తాగి మూకుమ్మడిగా చనిపోయారన్న వార్తల వెనుక చాలాసార్లు ఉండేది మిథనాల్ అనే విషపు ఆల్కహాల్. 2015లో ముంబై మాల్వనీలో వంద మందికి పైగా చనిపోయింది దానివల్లే. పువ్వు పులిసినప్పుడు పుట్టే మిథనాల్ చాలా తక్కువ. పరిశ్రమల మిథనాల్‌ను చవకగా తెచ్చి మద్యంలో కలపడంతోనే ఇలాంటి చావులు జరుగుతాయి. అంటే ప్రమాదం ఎక్కువగా దొంగ అమ్మకపు గొలుసులో ఉంది. ఇంటి కుండలో కాచిన సారాకు వేరే ప్రమాదాలున్నాయి: ఘాటు ఎంతో తెలియదు, తాగేవాడికి లెక్క ఉండదు.

నాసిక్‌కు దారి ఎలా దొరికింది

నాసిక్ వైన్ పాతకాలపు వారసత్వం కాదు. దౌలతాబాద్‌లో ద్రాక్ష ఏడాదికి రెండు కాపులు కాస్తుందని పద్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ బతూతా రాశాడు కానీ, ఇప్పటి వైన్ పరిశ్రమ వయసు నలభై ఏళ్లకు అటూ ఇటూ. 1980లలో పుణె జిల్లా నారాయణగావ్‌లో శ్యామ్‌రావ్ చౌగులే ఫ్రెంచి నైపుణ్యంతో బుడగలు పొంగే స్పార్క్లింగ్ వైన్ తయారీ మొదలుపెట్టారు. నాసిక్‌లో సులా తొలి వైన్లు 2000లో బయటికొచ్చాయి. మరుసటి ఏడాదే ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం, పన్ను మినహాయింపులు, నాసిక్ జిల్లా వించూర్‌లో, సాంగ్లీ జిల్లా పలూస్‌లో వైన్ పార్కులు. తర్వాత నాసిక్ వ్యాలీ వైన్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా దక్కింది.

2022 జనవరిలో సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మకానికి రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. వైన్ మద్యం కాదు, రైతు పంట అనే వాదన అప్పుడు గట్టిగా వినిపించింది. నిషేధమున్న జిల్లాలకు ఇది వర్తించదని నిర్ణయంలోనే చెప్పారు. అన్నా హజారే నిరాహారదీక్ష చేస్తానన్నారు, వ్యతిరేకత పెరిగి నిర్ణయం ముందుకు సాగలేదు. అయినా అది ఒకటి తేల్చింది: ఒక మద్యాన్ని ఎలా చూడాలన్నది దాని ఘాటును బట్టి మాత్రమే నిర్ణయం కాదు. ముడిసరుకు పండించేవాడికి శాసనసభలో ఎంత గొంతు ఉందో కూడా లెక్కలోకి వస్తుంది. ద్రాక్షరైతుకు ఆ గొంతు ఉంది. ఇప్పచెట్టు ఎక్కువగా పట్టా భూమిలోనిది కాదు, అడవిది.

సీసాకెక్కితే లాభం ఎవరికి?

ఇప్పుడు హెరిటేజ్ లిక్కర్ దగ్గరికొద్దాం. గోవాలో జీడిమామిడి పండుతో తీసే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని బాటలో మధ్యప్రదేశ్ 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా ప్రకటించి, తర్వాత అలీరాజ్‌పూర్, డిండోరి వైపు ఆదివాసీ స్వయం సహాయక సంఘాలతో సీసాల్లో నింపించింది. ప్రైవేటు రంగం అంతకుముందే అడుగేసింది. 2018లో గోవా మార్కెట్‌లోకి వచ్చిన డెస్మండ్‌జీ మహువా తయారైంది మన చిత్తూరు జిల్లాలోని డిస్టిలరీలో.

గడ్చిరోలిలో కూడా ఇప్పపువ్వు నుంచి మద్యం తీసే కర్మాగారం ప్రతిపాదన వచ్చింది. నిషేధమున్న జిల్లాలో మద్యం ఫ్యాక్టరీ ఏమిటని అభయ్ బంగ్‌తో సహా చాలామంది వ్యతిరేకించారు. సరుకు బయట అమ్ముతాం, పువ్వుకు ధర వస్తుంది, ఉద్యోగాలొస్తాయి అన్నది ఇలాంటి ప్రతిపాదనల వెనుక ఉండే మాట.

ఈ మాటను ఊహా అంకెలతో తూచి చూద్దాం. ఎండు పువ్వు కిలో 40 రూపాయలనుకుంటే పది కిలోలకు ఏరినవాళ్లకు 400. అందులోని మూడు లీటర్ల పైచిలుకు ఆల్కహాల్‌లో సగం వృథా అయినా లీటరున్నర మిగులుతుంది. దాంతో 42.8 శాతం ఘాటున్న 750 మిల్లీలీటర్ల సీసాలు దాదాపు ఐదు నిండుతాయి. సీసా 800కు అమ్ముడైతే మొత్తం 4,000. పన్ను, సీసా, రవాణా, దుకాణం వాటా తీసేశాక కూడా మిగిలేది డిస్టిలరీ యజమానిదే. పువ్వు ధర కిలోకు పది రూపాయలు పెరిగితే ఏరిన కుటుంబానికి వచ్చేది ఇంకో వంద. డిస్టిలరీ స్వయం సహాయక సంఘానిదైతే లెక్క మారుతుంది, కానీ అప్పుడు పెట్టుబడి, మార్కెటింగ్, నాణ్యత తనిఖీ, అమ్ముడుపోని సరుకు టెన్షన్ అంతా ఆ సంఘం నెత్తిన పడుతుంది. మధ్యప్రదేశ్ అనుభవంలో చూడాల్సింది సీసా మీది లేబుల్ కాదు, సంఘం పుస్తకాల్లో ఐదేళ్ల తర్వాత మిగిలే డబ్బు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సీసాలోకి వెళ్లిన ఇప్పసారా వారసత్వమై, పక్కింటి కుండలోది నేరంగానే మిగిలితే, గుత్తేదారు కాలం కొత్త పేరుతో తిరిగొచ్చినట్టే. ఆదివాసీ సంఘాల్లో హెరిటేజ్ మాటను అనుమానించేవాళ్లు అడిగేది ఇదే. వాళ్లలోనే నిషేధం కావాలనేవాళ్లూ ఉన్నారు. కొలుపుకు నాలుగు చుక్కలు చాలు, దానికోసం బట్టీలు తెరవక్కర్లేదంటారు. పువ్వు ఏరేది ఎక్కువగా ఆడవాళ్లు, సారా వద్దని రోడ్డెక్కిందీ ఆడవాళ్లే. ఈ రెండు పనుల్లో వైరుధ్యం ఉందని బయటివాళ్లకు అనిపించవచ్చు. పువ్వు అమ్మిన డబ్బు చేతికి రావాలి, సారా తాగిన మొగుడు మీదికి రాకూడదు. ఇందులో తికమకేమీ లేదు.

నిర్ణయం ఏ చేతిలో ఉంది

రాజ్యాంగం ఏడో షెడ్యూల్ ప్రకారం మద్యం రాష్ట్రాల విషయం. 47వ అధికరణ మద్యనిషేధం దిశగా పనిచేయమంటుంది. మద్యం మీద సుంకం కూడా రాష్ట్రాలదే, ఖజానాకు అది పెద్ద దన్ను. ఈ రెంటి మధ్య ప్రతి ప్రభుత్వమూ ఊగుతూ ఉంటుంది.

ఆదివాసీలు ఎక్కువగా ఉండే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మూడో చెయ్యి ఉంది. పంచాయతీ వ్యవస్థను ఈ ప్రాంతాలకు విస్తరించిన 1996 పెసా చట్టం మత్తుపదార్థాల అమ్మకం, వాడకాలను నిషేధించే, నియంత్రించే, పరిమితం చేసే అధికారం గ్రామసభలకు, పంచాయతీలకు ఉండేలా చూడమంటుంది. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం కూడా వాటికే ఇవ్వమంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఫలసాయాన్ని సేకరించి అమ్ముకునే హక్కును గట్టిపరిచింది. మహారాష్ట్ర 2014లో పెసా నియమాలు చేసింది. గడ్చిరోలి జిల్లాలోని మెంఢా లేఖా గ్రామం అంతకు చాలా ముందే, 1980లలో, అందరూ కూర్చుని మాట్లాడుకుని మద్యం మానేయాలని సొంతంగా తీర్మానించుకుంది. దేశంలో సామూహిక అటవీ హక్కుల పత్రం ముందుగా అందుకున్న గ్రామాల్లో అదీ ఒకటి.

పెసా మాటల్లో నిషేధించడమే కాదు, నియంత్రించడం కూడా ఉందని గమనించాలి. ఒక గ్రామసభ పూర్తిగా వద్దనవచ్చు. ఇంకో గ్రామసభ పండుగకు ఇంత, పెళ్లికి ఇంత, అమ్మకం మాత్రం లేదు అనవచ్చు. రెండో తీర్మానాన్ని రాష్ట్ర మద్యనిషేధ చట్టం ఒప్పుకోదు, ఎందుకంటే అందులో కాచుకోవడానికి, అమ్ముకోవడానికి తేడా లేదు. ఛత్తీస్‌గఢ్ తరహా మినహాయింపు ఇక్కడికి రావాలంటే శాసనసభ చట్టాన్ని సవరించాలి లేదా గవర్నరు ఐదో షెడ్యూల్ కింద ఉన్న అధికారంతో ఈ ప్రాంతానికి ఆ చట్టంలో మార్పులు చేయాలి. దుకాణాల నిషేధాన్ని ముట్టుకోకుండానే ఇది చేయొచ్చు. నిషేధం ఎత్తేయాలా వద్దా అన్న చర్చలో ఈ దారి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. లైసెన్సు ఫీజు రాదు, ఫ్యాక్టరీ కట్టక్కర్లేదు, సీసా మీద వేసుకోవడానికి ఎవరి బ్రాండూ ఉండదు.